పదకొండో గుమ్మం

మా బావగారు కాశీవిశ్వనాథరాజుగారి గొంతు సంగతి చెప్పాలంటే ముందు మా ఊరి మర్యాదల సంగతి చెప్పాలి. భీమవరానికి పన్నెండు కిలోమీటర్ల దూరంలో, పంటకాలవ వెంబడి ఉంటుంది మా చినగరువు. అందులో మా రాజుల ఇళ్ళు అరవై నాలుగు. ఉయ్యాల్లో చంటిపిల్లాడు పక్క తడిపినా 'ఏంటండీ బాబుగారూ, తడిపేశారా' అని అడిగే ఊరు మాది. ఇది విని బయటివాళ్ళు నవ్వుతారు. నవ్వుకోనివ్వండి, మాకేం పోయింది.

ఈ మర్యాదలన్నిటిలోకీ పెద్దది భోజనం పిలుపు. పెళ్ళికి వారం ముందే కార్డిచ్చి, బొట్టు పెట్టి పిలిచినా సరే, అంతమాత్రానికే మావాళ్ళెవరూ విస్తరి ముందు కూర్చోరు. భోజనాల రోజు పొద్దున ఒక మనిషి ఇంటింటికీ వెళ్ళాలి. గుమ్మం ముందు నిలబడి, యజమాని పేరు పెట్టి 'భోజనానికి లేవండి' అని మళ్ళీ పిలవాలి. లోపల్నుంచి 'ఆయ్, వస్తున్నామండి' అని జవాబు రావాలి. జవాబు రాకుండా పక్కింటికి కదలకూడదు. ఇళ్ళకు తాతల నాటి నుంచీ ఒక వరస ఉంది, అదీ తప్పకూడదు. పిలుపు అందని ఇంట్లో, ఎదురుగా షామియానాలో కోడి పలావు ఘుమఘుమలాడుతున్నా, తలుపు వేసుకుని పప్పుచారు కాచుకుంటారు. మా పెదనాన్నగారు ఒకసారి అలా సొంత మేనల్లుడి పెళ్ళిరోజున చారన్నం తిన్నారు. ఆ సంగతి పోయేదాకా గర్వంగా చెప్పుకున్నారు కూడా.

ఇరవై ఆరేళ్ళు ఆ పిలుపు మా బావగారిది. ఆయనకు మూడెకరాల కొబ్బరితోట, మూడు రొయ్యల చెరువులు ఉండేవి. పిలుపుకు ఎవరూ ఏమీ ఇవ్వరు, ఇచ్చినా ఆయన పుచ్చుకోరు. గొంతు బాగుందని ఊరంతా కలిసి ఆయనకు అప్పజెప్పారు, అంతే. అలాగని పెద్ద గొంతేం కాదు. అరుపు అసలే కాదు. పెరట్లో గిన్నెలు తోముకుంటున్న మనిషికి కూడా ఎవరో పక్కన నిలబడి తనతోనే మాట్లాడుతున్నట్టు వినిపించేది. ఆయన పిలిస్తే జ్వరంతో పడుకున్నవాళ్ళు కూడా లేచి ఇస్త్రీ చొక్కా వెతుక్కునేవాళ్ళు.

నా పేరు శ్రీనివాసరాజు. ఆయనకు స్వయానా బావమరిదిని, ఆయన భార్య బుల్లెమ్మగారు మా అక్కయ్య. ఊరి మొదట్లో రొయ్యల మేత దుకాణం నాది. బావగారిని ఆటపట్టించడానికి నాకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. అందుకే ఏడేళ్ళ క్రితం ఒక గృహప్రవేశం పిలుపులో, ఐదో గుమ్మం ముందు ఆయన గొంతు మేకపిల్ల గొంతులా వణికితే అందరికంటే ముందు నవ్వింది నేనే. "ఏంటండీ బావగారూ, పంతులుగారి ముందు పాఠం అప్పజెప్పినట్టు వణికిపోతున్నారు?" అన్నాను. ఆయన కూడా నవ్వారు. జలుబనుకున్నాం.

జలుబు కాదు. మిరియాల కషాయం అయింది, కరక్కాయ అయింది, మా అక్కయ్య రాత్రీ పగలూ పుక్కిలింపించిన ఉప్పునీళ్ళు అయ్యాయి. గొంతు వణుకు పెరిగింది. మాట మధ్యలో ఎవరో పీక పట్టుకున్నట్టు తెగిపోయేది, మళ్ళీ వచ్చేది. కాఫీ గ్లాసు పట్టుకుంటే కుడిచెయ్యి కూడా కొంచెం వణకడం మొదలైంది. భీమవరంలో గొంతు డాక్టరుగారు ముక్కులోంచి కెమెరా దింపి చూసి "స్వరపేటిక బంగారంలా ఉంది" అన్నారు. బంగారంలా ఉంటే ఈ మేకపిల్ల ఎక్కడిదండీ అని నేను కోప్పడ్డాను. ఆయన తప్పేం లేదు, నాకే నోరాగదు.

రాజమండ్రిలో చూపిస్తే అక్కడివాళ్ళు హైదరాబాదు పంపారు. అక్కడ మెదడు డాక్టరుగారు ప్రసన్నకుమార్ మాకు అర్థమయ్యేలా చెప్పారు. "గొంతులో తప్పు లేదండి. గొంతుకు ఆజ్ఞ ఇచ్చే చోట తప్పుంది. మెదడు లోపలి నుంచి వచ్చే సంకేతం తిన్నగా రావాల్సింది పోయి వణుకుతూ వస్తోంది. చేతి వణుకూ అక్కడిదే." నాకు వెంటనే బోధపడింది. చెరువు గట్టున మోటారు బాగానే ఉంది, కరెంటే ఎగుడుదిగుడుగా వస్తోంది. రొయ్యలు పెంచేవాడికి ఇంతకంటే వివరంగా చెప్పక్కర్లేదు.

ముందు మాత్రలు వాడారు. తర్వాత గొంతు కండరాల్లోకి ఇంజెక్షన్లు చేశారు. ఒక్కో ఇంజెక్షన్‌కు రెండు వారాలు గుసగుస మాత్రమే మిగిలేది, తర్వాత ఒక నెల కాస్త బాగుండేది, మళ్ళీ మొదటికి వచ్చేది. నాలుగు సార్లయ్యాక బావగారు ఇక వద్దన్నారు. అప్పుడే డాక్టరుగారు మెదడులోకి సన్నటి తీగ పంపి, దానికి బ్యాటరీ తగిలించే ఆపరేషన్ ఒకటుందని చెప్పారు. మా అక్కయ్య చేతిసంచీ తీసుకుని లేచి నిలబడింది. అక్కడితో ఆ మాట ఆగిపోయింది.

ఆ తర్వాత బావగారు మాట్లాడడం మానేశారు. ఎందుకు మానేశారో నాకు తెలుసు. ఏం మాట్లాడినా ఏడుస్తున్నట్టు వినిపించేది. ఫోనెత్తి హలో అంటే చాలు, అవతలివాళ్ళు "అయ్యో, ఏమైందండీ, ఎవరు పోయారు?" అని కంగారుపడేవాళ్ళు. ఇరవై ఆరేళ్ళు జనాన్ని పండగ భోజనానికి లేపిన మనిషికి అది తల కొట్టేసినట్టుండేది. పొద్దున్నే చెరువు గట్టు మీదికి వెళ్ళి సాయంత్రం దాకా అక్కడే కూర్చునేవారు. వాట్సాప్‌లో బొటనవేలి బొమ్మ పెట్టేవారు, అంతే. మా అక్కయ్య నా దుకాణానికి వచ్చి మేత బస్తా మీద కూర్చుని ఏడ్చింది. "తమ్ముడుగారూ, ఇంట్లో మనిషున్నట్టే లేదండీ" అంది. అక్కయ్యను అలా చూడడం నాకు చాలా కష్టమనిపించింది.

ఇక పిలుపుల సంగతి. బావగారి బదులు కొన్నాళ్ళు నేను తిరిగాను. జనం వచ్చారు గానీ వచ్చి తిట్టారు. "శ్రీనివాసరాజుగారు పిలిస్తే భోజనానికి పిలిచినట్టు లేదండీ, మేత బాకీ అడిగినట్టుంది" అని పంక్తిలో అందరూ వినేలా అన్నారు. నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. ఆ పౌరుషంలోంచే ఒక గొప్ప ఆలోచన పుట్టింది.

అంతకు చాలా ఏళ్ళ ముందు, బావగారి గొంతు నిక్షేపంగా ఉన్న రోజుల్లో, ఒక పెళ్ళి వీడియోవాడు సరదాపడి పిలుపు మొత్తం ఆయన వెంట తిరిగి రికార్డు చేశాడు. అరవై నాలుగు గుమ్మాలూ, వరస తప్పకుండా, పిలుపూ జవాబూ అన్నీ ఉన్నాయి. అది నా ఫోన్లో ఉంది. మా పిన్నిగారి మనవరాలు శ్రీసత్య ఓణీల ఫంక్షన్ వచ్చినప్పుడు బావగారి దగ్గరికి వెళ్ళి చెప్పాను. "మీరు రానక్కర్లేదండి. మీ గొంతు వస్తుంది. నేను స్పీకరు పట్టుకుని గుమ్మం గుమ్మానికీ వినిపిస్తాను." ఆయన చాలా నెలల తర్వాత నవ్వారు. తలూపారు. ఆ నవ్వు చూసి నా అంత తెలివైనవాడు డెల్టాలోనే లేడనుకున్నాను.

స్కూటర్ ముందు స్పీకరు పెట్టుకుని బయల్దేరాను. మొదటి గుమ్మం దగ్గర పాత గొంతు వినగానే ఇంటిల్లిపాదీ బయటికి వచ్చేశారు. పిలుపు తర్వాత అప్పటి తమ జవాబులు కూడా స్పీకర్లోంచే వస్తుంటే తమ గొంతులు తామే విని పగలబడి నవ్వారు. రెండో గుమ్మం, మూడో గుమ్మం, పదో గుమ్మం, ఎక్కడ చూసినా ఇదే సందడి. నేను కాలరెగరేసుకుంటూ పదకొండో గుమ్మం ముందు స్కూటర్ ఆపి మీట నొక్కాను.

"రామభద్రరాజుగారూ, భోజనానికి లేవండి."

రామభద్రరాజుగారు పోయి అప్పటికి ఏడాదిన్నర. ఆయన్ని మోసిన నలుగురిలో నేనూ ఒకణ్ణి. అయినా నాకు ఆ క్షణంలో గుర్తులేదు. గుర్తొచ్చి మీట తడుముకునేలోపే స్పీకర్లోంచి ఆయన జవాబు కూడా వచ్చేసింది. ఎప్పుడూ అనేట్టే, ఆఖరి అక్షరాన్ని కాస్త సాగదీసి: "ఆయ్, వస్తున్నామండీ!"

ఆయన భార్య అప్పాయమ్మగారు తడిచేతులతో గుమ్మంలోకి వచ్చారు. నన్ను చూశారు. స్పీకరును చూశారు. లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నారు. నేను మిగతా యాభై మూడు గుమ్మాలూ పిలవకుండా స్కూటర్ నడిపించుకుంటూ ఇంటికి వచ్చేశాను. ఆ రికార్డు చెరిపేశాను. ఆ రోజు ఓణీల ఫంక్షన్లో విస్తళ్ళు చాలావరకు ఖాళీగానే మిగిలాయి. అప్పటి నుంచి అప్పాయమ్మగారు ఎవరింటి భోజనానికీ రాలేదు. ఎవరు వెళ్ళి పిలిచినా ఆ తలుపు వెనక నుంచి జవాబు లేదు. జవాబు రానిదే పక్కింటికి కదలకూడదు కాబట్టి, పెద్దలు కూర్చుని ఆ గుమ్మాన్ని వరసలోంచి తప్పించారు. మా ఊళ్ళో ఒక ఇంటిని వరసలోంచి తప్పించడం అదే మొదలు. ఆ పాపం నాది.

సంగతి తెలిసిన సాయంత్రం బావగారు చెరువు గట్టు నుంచి నేరుగా మా ఇంటికి వచ్చారు. నన్ను తిడతారనుకున్నాను. తిడితే బాగుండేది. మా అక్కయ్యను పిలిపించి, ఇద్దరినీ కూర్చోబెట్టి, తెగుతూ తెగుతూ చెప్పారు. మామూలుగా అయితే రెండు ఊపిరుల్లో అయిపోయే మాటలకు ఆయనకు అయిదు నిమిషాలు పట్టింది.

"నా గొంతు... నేను లేకుండా... ఆ ఇంటికి వెళ్ళింది బుల్లెమ్మగారూ. నేనే వెళ్ళి... సరిచెయ్యాలి. ఆ ఆపరేషన్... చేయించుకుంటాను."

"భోజనానికి పిలవడం కోసం తలకాయకి బెజ్జం పెట్టించుకుంటారాండీ?" అంది అక్కయ్య.

"అవునండి" అన్నారు. ఆ ఒక్క మాట తెగలేదు.

మళ్ళీ హైదరాబాదు వెళ్ళాం. డాక్టరుగారు ఏదీ దాచలేదు. ఈ ఆపరేషన్ ఎక్కువగా చేతుల వణుకుకూ, పార్కిన్సన్స్ జబ్బుకూ చేస్తారట. గొంతు కోసమే చేయించుకున్నవాళ్ళు ప్రపంచం మొత్తం మీద కొద్దిమందేనట. చేతి వణుకు తగ్గుతుందని ధైర్యంగా చెప్పగలను, గొంతు సంగతి ప్రయత్నించి చూడాల్సిందే అన్నారు. తలలో రక్తస్రావం అయ్యే ప్రమాదం కొంచెం ఉందన్నారు. మాట ముద్దగా మారే అవకాశమూ ఉందన్నారు. నేను నీళ్ళు తాగాను. బావగారు మాత్రం పెన్ను తీసుకుని ఎక్కడ సంతకం పెట్టాలని చూపులతోనే అడిగారు. ఖర్చు సంగతి అడక్కండి, మూడు చెరువుల్లో ఒకటి తగ్గింది.

ఆ ఆసుపత్రిలో మాటల పరీక్షలు చేసే అమ్మాయి పేరు హారతి. మన నిడదవోలు పిల్లే. ఆపరేషన్ సగంలో మనిషిని మెలకువగా ఉంచి మాట్లాడిస్తారని, తీగ సరైన చోట ఉందో లేదో ఆ మాటను బట్టే తెలుసుకుంటారని చెప్పింది. దానికి వాళ్ళ దగ్గర ఒక కాగితం ఉంది, అందులో ఏదో పల్లెటూరి పొద్దుటిపూట గురించి పది వాక్యాలు. బావగారు ఆ కాగితం చదువుతుంటే వణుకు కంటే విసుగే ఎక్కువ వినిపించింది.

"ఇది కాదులెండి. మీరు రోజూ ఇష్టంగా అనే మాటేంటి బాబాయిగారూ?" అని అడిగింది హారతి.

బావగారు నా వైపు చూశారు. పిలుపు గురించి నేను చెప్పాను. గుమ్మాలు, వరస, జవాబు, అన్నీ. ఆ అమ్మాయి కళ్ళు మెరిశాయి. అరవై నాలుగు గుమ్మాల పేర్లూ వరసగా ఒక కాగితం మీద రాసుకుంది. పాత గొంతు ఎలా ఉండేదో వినాలి, రికార్డు ఏమైనా ఉందా అని అడిగింది. చెరిపేశానని చెప్పడానికి నాకు సిగ్గేసింది. తర్వాత ఆ విషయం వాళ్ళు వాళ్ళు ఏం చేసుకున్నారో నేను పట్టించుకోలేదు.

ఆపరేషన్ గదిలోకి నన్ను రానివ్వలేదు, రానిచ్చినా కళ్ళు తిరిగి పడిపోయేవాణ్ణి. లోపల జరిగింది హారతి నాకు చెప్పింది, బావగారూ చెప్పారు. ఇద్దరి మాటా ఒకటే కాబట్టి నమ్మొచ్చు. తల గొరిగి, చుట్టూ ఇనుప చట్రం బిగించి, తిమ్మిరి మందు ఇచ్చి, రూపాయి బిళ్ళంత రంధ్రం చేశారు. మెదడుకు నొప్పి తెలియదట. ఎడమవైపు లోపలికి సేమియా పోగంత తీగ పంపారు. బావగారి కళ్ళెదురుగా హారతి కాగితం పట్టుకుని నిలబడింది. "ఇక పిలవండి బాబాయిగారూ" అంది.

మొదటి గుమ్మం పిలిచారు. మామూలుగానే వణికింది. రెండో గుమ్మం మధ్యలో తెగింది. డాక్టరుగారు కరెంటు ఒక మెట్టు పెంచారు. నాలుగో గుమ్మం దగ్గర కుడిచేతి వణుకు ఆగింది. ఆరో గుమ్మం దగ్గర గొంతు నిలబడింది. ఇంకొంచెం బాగుంటుందేమోనని మరో మెట్టు పెంచితే ఏడో గుమ్మం దగ్గర మాట తాగినవాడి మాటలా ముద్దగా వచ్చింది. "ఇలా పిలిస్తే ఊళ్ళో పరువు పోతుందండీ" అన్నారట బావగారు, ఆ ముద్ద మాటతోనే. చట్రం బిగించి ఉన్న తలతో కూడా ఆయనకు పరువు గుర్తుంది. అర మెట్టు తగ్గించారు. ఎనిమిది, తొమ్మిది, పది గుమ్మాలు నూనె రాసిన దారంలా సాగిపోయాయి.

పదకొండో గుమ్మం దగ్గర ఆయన ఆగిపోయారు.

గదిలో అందరూ మాట పడిపోయిందనుకున్నారు. లోపల రక్తం చిందిందేమోనని డాక్టరుగారు ఆయన కుడిచెయ్యి ఎత్తమన్నారు, ఎత్తారు. నాలుక చాపమన్నారు, చాపారు. హారతి వంగి, "ఎందుకు ఆగిపోయారు బాబాయిగారూ? ఆ పేరు రావడం లేదా?" అని అడిగింది.

"వస్తోందమ్మా. ఆ ఇంటిని ఇక్కణ్ణుంచి పిలవకూడదు. వాళ్ళ గుమ్మం ముందు నిలబడే పిలవాలి."

ఆ మాటలో వణుకు ఎక్కడుందా అని వెతికానని, ఎక్కడా దొరకలేదని హారతి నాకు చెప్పింది. డాక్టరుగారు కరెంటు అంకె రాసుకోమన్నారట. కళ్ళు మసకలై కాసేపు రాయలేకపోయిందట. ఇది వింటూ నేను ఆసుపత్రి వరండాలో నిలబడి సిగ్గు లేకుండా ఏడ్చాను. నలభై మంది చూశారు. చూడనివ్వండి.

తర్వాత భుజం ఎముక కింద అగ్గిపెట్టెంత బ్యాటరీ పెట్టి, చెవి వెనక నుంచి చర్మం కిందుగా తీగ కలిపారు. మూడు వారాలకు దాన్ని మేల్కొలిపారు. ఆ తర్వాత ఆరు నెలల్లో ఐదుసార్లు వెళ్ళి కొంచెం ఇటు, కొంచెం అటు సరిచేయించుకున్నాం. పడుకునేటప్పుడు ఆపుకోవడానికి ఒక చిన్న రిమోట్ ఇచ్చారు. అది మా అక్కయ్య కొంగున ముడేసుకుంది. "ముప్ఫై మూడేళ్ళకి ఈయన్ని ఆపే మీట నా చేతికొచ్చిందండీ తమ్ముడుగారూ" అని ఊరంతా చెప్పుకుంది. ఊరివాళ్ళు ఆ బ్యాటరీకి స్టెబిలైజరు అని పేరు పెట్టారు. పాత గొంతు పూర్తిగా వచ్చిందని మాత్రం నేను చెప్పను, అబద్ధం ఎందుకు. సాయంత్రానికి అలసిపోతుంది. అంచుల్లో ఒక జీర ఉండిపోయింది. కానీ అది మనిషి గొంతు, మా బావగారి గొంతు. ఫోనెత్తి హలో అంటే ఇప్పుడు ఎవరూ ఎవరు పోయారని అడగరు.

ఈ ఏడాది మాఘమాసంలో మా అమ్మాయి గీతిక పెళ్ళి కుదిరింది. బావగారు మా ఇంటికి వచ్చి ఒకటే అడిగారు. "పిలుపు నాదేనా?"

"మీది కాక ఎవరిదండీ?"

"అయితే అరవై నాలుగు గుమ్మాలూ పిలుస్తాను. అరవై మూడు కాదు."

నాకు భయమేసింది. ఆ ఇంటి నుంచి జవాబు రాకపోతే? రూలు రూలే. జవాబు రానిదే ఆయన కదలరు. ఆయన కదలకపోతే మిగతా యాభై మూడు ఇళ్ళు నా కూతురి పెళ్ళిరోజున పప్పుచారు కాచుకుంటాయి. కానీ ఆ గుమ్మాన్ని మూయించిందే నేను. వద్దనే మొహం నాకెక్కడిది?

పెళ్ళినాడు పొద్దున ఏడింటికి ఇద్దరం నడిచి బయల్దేరాం. బావగారు పట్టుపంచె కట్టారు. నేను గొడుగు పట్టుకుని పక్కన నడిచాను. మొదటి గుమ్మం దగ్గర ఆయన పిలవగానే లోపల గిన్నె కింద పడిన చప్పుడయింది. వాళ్ళు జవాబు చెప్పడం మరిచిపోయి బయటికి పరిగెత్తుకొచ్చారు, గుర్తుచేస్తే అప్పుడు చెప్పారు. పదో గుమ్మం దాకా అలాగే నడిచింది. ముసలివాళ్ళు ఆయన చేతులు పట్టుకున్నారు. మేం దాటిన ప్రతి ఇంటి నుంచీ ఒకరిద్దరు మా వెనకే నడవసాగారు. ఎక్కడికి వెళ్తున్నామో అందరికీ తెలుసు.

పదకొండో గుమ్మం. తలుపు వేసి ఉంది. బావగారు చెప్పులు సర్దుకుని తిన్నగా నిలబడ్డారు.

"రామభద్రరాజుగారి అప్పాయమ్మగారూ, భోజనానికి లేవండి."

మా ఊళ్ళో గుమ్మం ముందు ఆడవాళ్ళ పేరు పెట్టి పిలవడం ఎప్పుడూ లేదు. వెనక జనంలో గుసగుస మొదలైంది. లోపల్నుంచి మాత్రం జవాబు లేదు.

రెండోసారి పిలిచారు. లేదు. నా జేబులో ఫోను మోగుతోంది, వంటమేస్త్రీ అయి ఉంటాడు. ఎండ చురుక్కుమంటోంది. బావగారి మెడ మీద, తీగ వెళ్ళే దారిలో చెమట జారుతోంది. ఇంక వెళ్ళిపోదామండీ అందామనుకుని ఆయన మొహం చూసి నోరు మూసుకున్నాను. రోజంతా నిలబడాల్సి వస్తే నిలబడే మొహం అది. మూడోసారి పిలిచారు. ఆ మూడోసారి చివర్న జీర వినిపించింది గానీ గొంతు తెగలేదు.

గడియ చప్పుడయింది. అప్పాయమ్మగారు తలుపు తెరిచారు. ఆవిడ బావగారిని చూడలేదు, నన్ను చూశారు.

"శ్రీనివాసరాజుగారూ, ఆ పెట్టె తేలేదాండి?"

"లేదండి. తప్పయిపోయిందండి అప్పాయమ్మగారూ. ఆ రోజే చెరిపేశాను" అన్నాను. ఇన్నాళ్ళూ నా గొంతులో ఇరుక్కున్న మాట అది.

ఆవిడ మొహం వాడిపోయింది. "చెరిపేశారా" అన్నారు. తలుపు రెక్క పట్టుకుని చెప్పారు: "నాకు కోపమొచ్చి తలుపేసుకున్నానని అందరూ అనుకున్నారు. పిలుపు వినపడగానే నేను ఆయన మంచం వైపు తిరిగి, లేవండీ అన్నానండి. అనేసరికి బయట్నుంచి ఆయనే జవాబు చెప్పారు. ఆ రోజు కాళ్ళూ చేతులూ ఆడక లోపలికి వెళ్ళిపోయాను. తర్వాత ఎవరొచ్చి పిలిచినా, ఆ పెట్టె తెచ్చారేమో, మళ్ళీ ఆయన గొంతు వినిపిస్తారేమోనని తలుపు వెనకే నిలబడేదాన్ని. ఎవరూ తేలేదు. ఎలా అడగనండీ, పోయినాయన గొంతు వినిపించమని?"

ఆవిడ ఇన్నాళ్ళు ఎదురుచూసింది నేను సిగ్గుపడి చెరిపేసినదాని కోసమా? భూమిలోకి వెళ్ళిపోదామనిపించింది.

"నా దగ్గరుందమ్మా" అన్నారు బావగారు.

నేను తిరిగి చూశాను. ఆయన నా వైపు చూడకుండా ఆవిడతోనే చెప్పారు. "నా పాత గొంతు కావాలని ఆసుపత్రిలో అడిగారు. ఆ వీడియో తీసినతన్ని వెతికి పట్టుకుని రికార్డు తెప్పించి, హారతికిచ్చి నేనూ ఒకటి దాచుకున్నాను. అందులో రామభద్రరాజుగారి జవాబు ఉంది. చిన్న మాటే. మీకిద్దామనుకున్నాను. గొంతు బాగుపడకుండా మీ గుమ్మం ఎక్కే ధైర్యం లేకపోయింది. ఫోన్లోనే ఉంది, ఇప్పుడే వినిపించమంటారా?"

అప్పాయమ్మగారు చీరకొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. వెనకున్న జనాన్ని చూశారు, ఎండను చూశారు.

"ఇప్పుడొద్దులెండి అన్నయ్యగారూ. ఇంకా యాభై మూడు గుమ్మాలున్నాయి మీకు. రేపు తీరిగ్గా తీసుకురండి, కాఫీ పెడతాను."

ఆ తర్వాత ఆవిడ గడప ఇవతలికి వచ్చారు. ఆ ఇంట్లో పిలుపుకు జవాబు ఎప్పుడూ రామభద్రరాజుగారే చెప్పేవారు, ఆయన పోయాక కూడా ఆవిడ గడప ఇవతలికి వచ్చి పలకగా మేమెవరమూ వినలేదు. పమిట సర్దుకుని, ఆయన ఎలా అనేవారో అలాగే, ఆఖరి అక్షరాన్ని కాస్త సాగదీసి అన్నారు.

"ఆయ్, వస్తున్నామండీ!"

బావగారు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టి, పన్నెండో గుమ్మం వైపు నడిచారు. కళ్ళు తుడుచుకోవడంలో నేను గొడుగు వదిలేస్తే వెనకెవరో తీసుకున్నారు.